కుడిచేతి నమస్కారం

నేను ఒక నమస్కారాన్ని.

మనిషిని కాను. మనిషి బొమ్మను కూడా కాను. మణికట్ల దగ్గర మొదలై వేళ్ళ కొసల దగ్గర ముగిసిపోయే బొమ్మను. ఎవరి మెడ కింద అతికిస్తే వారి నమస్కారాన్నవుతాను. మీరు ఎప్పుడైనా చిలకలూరిపేటలో బస్సు దిగి ఉంటే మీకు మొదట ఎదురైంది నేనే అయి ఉంటాను. కరెంటు స్తంభం మీద, కల్యాణ మండపం గేటు మీద, పళ్ళ దుకాణం వెనక గోడ మీద, ఎవరో ఒకరి నవ్వుమొహం కింద నుంచి మీకు దణ్ణం పెట్టి ఉంటాను. మీరు తిరిగి పెట్టి ఉండరు. ఫ్లెక్సీకి తిరిగి దణ్ణం పెట్టినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అందుకు నేను బాధపడను. పుట్టింది పెట్టడానికే గాని పుచ్చుకోవడానికి కాదు.

ఒకేసారి చాలా చోట్ల ఉండటం నాకు అలవాటు. కంప్యూటర్లో ఉంటాను, ఫోనుల్లో ఉంటాను, ఊరంతా గోడల మీద ఉంటాను. కాబట్టి ఇక్కడి మాట అక్కడ నాకెలా తెలిసిందని మీరు సందేహించనక్కర్లేదు.

నేను పుట్టింది శాలేము డిజిటల్స్ అనే ఒక గది దుకాణంలో. దాని యజమానీ, డిజైనరూ, ఊడ్చేవాడూ తిమోతి ఒక్కడే. పెళ్ళికార్డులు, దుకాణాల బోర్డులు, ఫ్లెక్సీలు అక్కడ తయారయ్యేవి. ఒక చీరల కొట్టువాళ్ళు తమ ప్రారంభోత్సవానికి గుమ్మంలో నిలబడి ఆహ్వానించే స్త్రీ బొమ్మ కావాలన్నారు. తిమోతి ఇంటర్నెట్‌లో వెతికాడు. అక్కడ దొరికిన నమస్కారాలన్నీ యోగాసనాల్లా ఉన్నాయి. చేతులు దణ్ణం పెడుతున్నాయి గాని రమ్మనడం లేదు.

ఆ సమయానికి అతని భార్య ఎస్తేరు పని నుంచి వచ్చింది. ఆమె మిరపకాయల కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడాలు, అంటే కాయల తొడిమలు, తీసే పనికి వెళ్ళేది. సాయంత్రం ఇంటికి పోతూ దుకాణంలో కాసేపు కూర్చోవడం ఆమె అలవాటు. తిమోతి కెమెరా తీశాడు. ఆమె వెంటనే మొహం తిప్పుకుంది.

"మొహం కాదు. చేతులు చాలు," అన్నాడు.

దుకాణంలో వెలుతురు తక్కువ. తలుపులోంచి వచ్చే ఎండను చేతి మీదికి మళ్ళించడానికి ఒక తెల్లటి థర్మోకోల్ అట్టను ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎస్తేరు తప్ప అక్కడ ఇంకెవరూ లేరు. ఆమె ఎడమచేత్తో అట్ట పట్టుకుంది. కుడిచెయ్యి గుండె ముందు నిలబెట్టింది.

"సగం దణ్ణం ఎవరికి పెడతారయ్యా," అంది. "గోడ మీద బల్లికి పెట్టినట్టుంది."

"ఆ అట్ట దించితే చీకటి పడతది. రెండో చెయ్యి నేను చేస్తాగా."

"దేవుడు చేసింది ఖాళీగా లేదు గనక నువ్వు చేస్తావా."

"కదలమాక."

అలా తీసిన ఒక్క చేతి ఫొటోను తిమోతి కంప్యూటర్లో చుట్టూ కత్తిరించి, దాని నకలు తీసి, అద్దంలో తిప్పినట్టు తిప్పి, పక్కన అతికించాడు. నాకు ఎడమచెయ్యి వచ్చింది. అంటే రాలేదు. కుడిచెయ్యే రెండుసార్లు ఉంది. ఆ రెండు చేతులకూ ఒకే చోట రెండేసి మట్టిగాజులు, ఒకే వంపు, ఒకే వెలుగు. లోకంలో ఏ మనిషి రెండు చేతులూ అంత సమానంగా ఉండవు. కాని ఇంతవరకు ఒక్కరూ అనుమానించలేదు. దణ్ణం పెట్టించుకునేవాడు ఎదుటి చేతులు పరీక్షగా చూడడు.

ఆ తర్వాత తిమోతి నన్ను బాగు చేశాడు. టచింగ్ అంటారు ఆ పనిని. తొడాలు తీసే చేతికి వేళ్ళ సందుల్లో, గీతల్లో, గోళ్ళ అంచుల్లో ఒక ఎరుపు దిగి ఉంటుంది. సబ్బుకు పోదు. దాన్ని తుడిచాడు. బొటనవేలి గోరు చీలి ఉంటే పూడ్చాడు. కణుపుల దగ్గర మొరటుదనాన్ని మెత్తన చేశాడు. నేను పాలలో ముంచి తీసినట్టయ్యాను. "నమస్కారం ఫైనల్ కొత్తది" అని పేరు పెట్టి దాచాడు. ఈ పేటలో బారసాలకైనా అంత శ్రద్ధగా పేరు పెట్టరు.

ఎస్తేరు తెరవైపు వంగి చూసింది. "ఎవరివయ్యా ఈ చేతులు?" అని అడిగింది.

"నీవే."

"బాగున్నాయి," అంది. తన చెయ్యి ఒకసారి చూసుకుని కొంగు కిందికి తీసుకుంది.

చీరల కొట్టు బాగా నడిచింది. దానితో పేటలో నాకు పేరొచ్చింది. తిమోతి పనితనానికి కూడా వచ్చిందనాలి. అతను హైదరాబాదులో నేర్చుకుని వచ్చాడని కొందరు, బెంగళూరులో అని కొందరు అనుకునేవారు. అతను నేర్చుకున్నదంతా ఆ వీధిలో దొరికిందే. ట్రాక్టరు మడ్‌గార్డు మీద నెమలి చుట్టూ గీసిన అంచు పెళ్ళికార్డుకు అంచయింది. గోనెసంచి మీద అచ్చుపలకతో కొట్టిన అక్షరాల లావు సిమెంటు కొట్టు బోర్డుకెక్కింది. ఇక రంగులన్నీ ఎస్తేరు తెచ్చినవే. ఆమె కొంగున రెండు మిరపకాయలు ముడేసుకుని వచ్చి కీబోర్డు పక్కన పెట్టేది.

"ఇది మొన్నటి ఎరుపు కాదు, చూడు. దీంట్లో నలుపుంది. పెద్దోళ్ళ ఫ్లెక్సీలకి ఇది వాడు. మొన్నటిది చంటిపిల్లలకి."

తిమోతి ఆ కాయను తెరకు ఆనించి పట్టుకుని రంగు కలిపేవాడు. రంగు పోయి తెల్లబడిన తాలుకాయ నుంచి అతను తీసిన లేత రంగును పేటలో డబ్బున్నవాళ్ళంతా తమ పెళ్ళికార్డులకు కోరుకునేవారు. దాని పేరేమిటని ఒకాయన అడిగితే తిమోతి కాసేపు ఆలోచించి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. తాలుకాయ అని చెబితే ఆ పెళ్ళి ఆగిపోయేది.

నా సంగతికి వస్తాను. నన్ను అతికించని మొహం లేదు. ఏడాది నిండిన పసివాడికి అతికించారు. వాడు నోట్లో నాలుగు పళ్ళతో, గాజులున్న పెద్ద చేతులతో, తన పుట్టినరోజుకు విచ్చేసే బంధుమిత్రులకు స్వాగతం పలికాడు. కాలం చేసిన ఒక పెద్దాయనకు అతికించారు. ఆయన తన పెద్దకర్మ భోజనాలకు అందరూ తప్పక రావాలని చేతులు జోడించి కోరాడు. చాలామంది వచ్చారు. ఆయన బతికి ఉండగా పిలిస్తే అంతమంది వచ్చేవారు కాదు. ఒక నాయకుడి ఫొటోలో ఆయన అప్పటికే ఒక చెయ్యి పైకెత్తి ఊపుతూ, ఇంకో చేత్తో కండువా సర్దుకుంటున్నాడు. తిమోతి తొందరలో నన్ను కూడా పెట్టేశాడు. నాలుగు చేతులయ్యాయి. నాయకుడు చూసి, "ఇదేదో మహత్తుగా ఉంది, ఉంచు," అన్నాడు.

అన్నిటికన్నా నాకు గౌరవం దక్కింది ఎద్దు దగ్గర. బండలాగుడు పందెంలో గెలిచిన ఎద్దుకు యజమాని ఫ్లెక్సీ వేయించాడు. బొమ్మ చూసి పెదవి విరిచాడు.

"ఎద్దు మరీ పొగరుగా ఉన్నట్టుంది తిమోతీ. దణ్ణం పెడతన్నట్టు పెట్టు."

"ఎద్దు దణ్ణం ఎట్టా పెడతదండీ."

"జనం అంతా అరిచారు గదా దాని కోసం. కృతజ్ఞత ఉండొద్దా."

తిమోతి నన్ను గంగడోలు కింద పెట్టాడు. కొమ్ములకు పూలదండ, మెడకు గంట, దాని కింద మట్టిగాజుల నమస్కారం. యజమాని తృప్తిగా చూసి, "ఇప్పుడు ఇంట్లో మనిషిలాగా ఉంది," అన్నాడు.

పురపాలక ఎన్నికల్లో మాత్రం నా వల్ల గొడవ జరిగింది. మా వార్డు ఆ ఏడు మహిళలకు కేటాయించారు. అందుచేత తాము నిలబడాలనుకున్న రాఘవులు తన భార్య హైమావతిని, సాంబయ్య తన భార్య పద్మావతిని పోటీకి దింపారు. ఇద్దరి ఫ్లెక్సీలూ తిమోతి దగ్గరే తయారయ్యాయి. పాలకేంద్రం దగ్గర రోడ్డుకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా కట్టారు. నేను అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ నాకే దణ్ణం పెట్టుకుంటూ రెండు రోజులు నిలబడ్డాను. మూడో రోజు పొద్దున్నే రాఘవులు దుకాణానికి వచ్చాడు.

"ఏం తిమోతీ, మా ఆవిడ చేతులు కోసుకెళ్ళి వాళ్ళావిడకెట్టా పెట్టావు?"

"అవి మీ ఆవిడవి కాదండీ. మామూలుగా అందరికీ వాడేవి."

"నాకు చెబుతావా. ఇరవయ్యేళ్ళ కాపురం నాది. ఈ చేతి అన్నం తిని పెరిగిన ఒళ్ళు ఇది. నా పెళ్ళాం చెయ్యి నేను గుర్తుపట్టలేనా?"

అప్పుడే ఎస్తేరు టీ తెచ్చింది. రాఘవులు ఆ కుడిచేతి నుంచే గ్లాసు అందుకున్నాడు. వేళ్ళకు వేళ్ళు తగలకుండా జాగ్రత్తపడ్డాడు కూడా. టీ తాగుతూ తెర మీద నన్ను చూపించి, "ఆ గాజులు మా అత్తగారు పెట్టినవి," అన్నాడు.

"బాగున్నాయండీ గాజులు," అంది ఎస్తేరు.

"మరి, ఊరికే అంటన్నానా."

చివరికి హైమావతి గాజులకు ఆకుపచ్చ, పద్మావతి గాజులకు ఎరుపు రంగు వేసేటట్టు ఒప్పందం కుదిరింది. రాఘవులు వెళ్ళాక ఎస్తేరు చాలాసేపు నవ్వింది. ఎన్నికలో హైమావతి గెలిచింది. ఆమె చేతులు నిజంగా ఎలా ఉంటాయో వార్డులో ఎవరూ చూడలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో ఎస్తేరుకు జ్వరం వచ్చింది. రెండు రోజులు మిరపకాయల ఘాటు వల్లే అనుకున్నారు. తర్వాత గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆమెను తిరిగి తీసుకొచ్చినప్పుడు వాన పడుతూనే ఉంది.

దుకాణం కొన్నాళ్ళు మూసి ఉంది. తర్వాత తెరుచుకుంది. తిమోతి మునుపటిలాగే పనిచేశాడు. అడిగినవాళ్ళకు అడిగినట్టు నన్ను అతికించాడు. ఒక మార్పు మాత్రం గమనించాను. నన్ను పెట్టేటప్పుడు తెర మీద పెద్దది చేసి చూసేవాడు కాదు. చిన్నగా ఉండగానే లాగి, మెడ కిందికి తోసి, పక్కకు చూసేవాడు.

ఏడాది కావస్తుండగా అతని అత్త మార్తమ్మ దుకాణానికి వచ్చింది. ఎస్తేరు తల్లి. ఆమె కూడా తొడాల పనికే పోతుంది. ముక్కు ఎగబీలుస్తూ కూర్చుంది. ఆ పని చేసేవాళ్ళకు అది మామూలే. ఏడుపో ఘాటో బయటివాళ్ళకు తెలియదు.

"వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి అల్లుడా. పాస్టరుగారికి చెప్పా. గేటుకి ఫ్లెక్సీ కట్టాలి."

"ఎందుకత్తా ఫ్లెక్సీ. మనోళ్ళేగా వచ్చేది."

"ఊళ్ళో ఎద్దుకి కట్టావు. నా కూతురికి కట్టవా."

"కడతా," అన్నాడు.

చిక్కు అక్కడే వచ్చింది. ఎస్తేరు ఫొటో కావాలి. ఊరందరి మొహాలూ ఉన్న కంప్యూటర్లో ఆమె మొహం లేదు. పెళ్ళిఫొటోలో వల ముసుగు కింద తల దించుకుని ఉంది. పాపిట తప్ప ఏమీ కనపడదు. ఆధార్ కార్డులో ఉన్నది ఎస్తేరేనని కార్డు చెబుతుంది గనక నమ్మాలి. తిమోతి దాన్నే పెద్దది చేసి మార్తమ్మకు చూపించాడు.

"ఎవరిది?" అని అడిగింది.

"ఎస్తేరుది అత్తా."

"కాదులే," అంది.

అప్పుడు తిమోతికి నేను గుర్తొచ్చాను. మొహం లేకపోతేనేం, చేతులున్నాయి. ఊరంతా తెలిసిన చేతులు. వాటి కింద ఆమె పేరు రాస్తే చాలు. ఏడాది తర్వాత మొదటిసారి నన్ను తెర నిండా పెద్దది చేశాడు. ఎవరి మెడ కిందా కాకుండా ఒంటరిగా నిలబడటం నాకూ అదే మొదలు. నేను నా శక్తికొద్దీ దణ్ణం పెట్టాను.

అతను చూస్తూ కూర్చున్నాడు. బొటనవేలి గోరు మీద చీలిక కోసం వెతికాడు. తానే పూడ్చాడు. వేళ్ళ సందుల్లో ఎరుపు కోసం వెతికాడు. తానే తుడిచాడు. ఎడమచేతి వైపు చూశాడు. అది ఆమెది కాదు. అసలు ఎవరిదీ కాదు. డిజైనర్లు పనిచేసేటప్పుడు మార్పులన్నీ పొరలు పొరలుగా విడివిడిగా ఉంచుతారు. పై పొర తీస్తే కిందిది మళ్ళీ కనిపిస్తుంది. తిమోతి నన్ను దాచిన రోజు, కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోందని, ఆ పొరలన్నీ ఒకటిగా కలిపేశాడు. కిందిది ఇక రాదు. కెమెరా కార్డు వెతికాడు. అందులో ఇప్పుడు ఎవరిదో ఓణీల ఫంక్షన్ ఉంది.

అతను మొదట నాకు రంగు తిరిగి వేద్దామనుకున్నాడు. కోల్డ్ స్టోరేజీ దగ్గరికి వెళ్ళి కాయల రాశిని ఫొటో తీసుకొచ్చాడు. అందులోంచి ఎరుపు తీసి నా గీతల్లో సన్నగా దిగేటట్టు పూశాడు. చాలా శ్రమపడ్డాడు. మార్తమ్మ వచ్చి చూసింది.

"గోరింటాకు పెట్టావేంది. జన్మలో ఎప్పుడన్నా పెట్టుకుందా అది."

దాన్ని తీసేశాడు. మళ్ళీ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాడు. ఈసారి ఎస్తేరుతో పనిచేసిన ఆడవాళ్ళను చేతులు చూపించమన్నాడు. నీడకు పరదాగా నా ఫ్లెక్సీ ఒకటి అక్కడే కట్టి ఉంది. నేను చూస్తుండగానే వాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"మా చేతులెందుకు తిమోతీ, మా మొహాలేం పాపం చేశాయి?"

"ఊరుకోవే. ఏదో పనుంటది."

"ఇదిగో పెట్టా. దేవుడికి పెట్టినట్టు పెట్టాలా, మేస్త్రీకి పెట్టినట్టు పెట్టాలా?"

"మేస్త్రీకి పెట్టేది దణ్ణమా, శాపనార్థమా."

వరసగా నిలబడి దణ్ణాలు పెట్టారు. అందరి వేళ్ళ సందుల్లోనూ ఆ ఎరుపుంది. తిమోతి ఒక్కొక్కటీ ఫొటో తీశాడు. దుకాణానికొచ్చి ఒక్కొక్కటీ తెరిచాడు. ఒకామెకు చిటికెనవేలు వంకర. ఒకామెకు అరచెయ్యి వెడల్పు. ప్రతి చెయ్యీ దానిదైన మనిషినే చూపించింది. ఒక్కటి కూడా ఎస్తేరును అరువివ్వలేదు. ఇన్నేళ్ళుగా ఎద్దుకూ పసివాడికీ నాయకుడికీ ఒకే చెయ్యి సరిపెట్టినవాడు, ఆ మధ్యాహ్నం తన భార్యకు సరిపోయే చెయ్యి దొరక్క కూర్చున్నాడు.

శుక్రవారం ప్రింటింగు వాళ్ళు ఫోను చేశారు. ఆదివారానికి కావాలంటే ఆ సాయంత్రంలోగా ఫైలు పంపమన్నారు. తిమోతి ఆ ఫోను పెట్టేసి చేతిలోనే పట్టుకున్నాడు. ఏమీ తోచక అందులోని పాత ఫొటోలు ఒక్కొక్కటీ వేలితో జరపడం మొదలుపెట్టాడు. ఒక ఫొటో దగ్గర ఆగాడు.

అరచెయ్యి. తెర నిండా అరచెయ్యే. దాని వెనక ఎక్కడో ఒక చెవి, కొంచెం చీర అంచు.

ముందుకు జరిపాడు. క్రిస్మస్ నాటి ఫొటో. అరచెయ్యి. ఇంకోటి, స్కూటరు మీద. అరచెయ్యి. అన్నం తింటూ ఒకటి. మెతుకులంటిన అరచెయ్యి. అతను ఆమెను ఫొటో తీయబోయిన ప్రతిసారీ ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. అతను ప్రతిసారీ, పాడైపోయిందని వదిలేశాడు. పాడైనవాటిని చెరిపేసే తీరిక మాత్రం అతనికి ఎప్పుడూ చిక్కలేదు.

మార్తమ్మను పిలిచి చూపించాడు. ఆమె ఫోను దూరంగా పట్టుకుని చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"ఇదిగో, ఇది ఎస్తేరు," అంది.

"ఎందుకత్తా, ఎప్పుడూ అడ్డం పెట్టేది? మొహం బాగలేదని నేనెప్పుడన్నా అన్నానా?"

"నువ్వనలేదు. నాకు చెప్పింది ఒకసారి. ఆయన నన్ను తీస్తే ఊరుకోడమ్మా, బాగు చేస్తాడు. తెల్లగా చేస్తాడు. ఇంక ఆ ఫొటోలో ఆమెనే చూసుకుంటా కూర్చుంటాడు, అంది."

మార్తమ్మ లేచి, చీర దులుపుకుని, "ఆదివారం పదింటికి," అని గుర్తుచేసి వెళ్ళింది.

అతను ఆ అరచెయ్యిని కంప్యూటర్లోకి ఎక్కించాడు. పక్క ఫైల్లోంచి నేను చూస్తున్నాను. బొమ్మ వణికి ఉంది. అంచులు చెదిరి ఉన్నాయి. కాని గీతల్లో ఎరుపుంది. గోరు చీలిక లోపలి వైపు నుంచి కూడా కొంచెం కనపడుతోంది. అలవాటు కొద్దీ అతని వేలు టచింగ్ పనిముట్టు మీదికి వెళ్ళింది. తెర మీద ఆ చిన్న గుండ్రటి గుర్తు బొటనవేలి దాకా వచ్చింది. అక్కడ ఆగింది. వేళ్ళు విప్పి ఎదురుగా నిలబడ్డ ఆ చెయ్యి ఏం చెబుతోందో అతనికి ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు. పనిముట్టు వదిలేశాడు. కింద పేరు, తేదీ, స్థలం రాసి పంపించాడు.

అరగంటలో ప్రింటింగు అతను ఫోను చేశాడు. "అన్నా, బొమ్మ బ్లర్ ఉంది. ఎనిమిదడుగులకి లాగితే ఇంకా చెదురుద్ది. సరిచేసి పంపు."

"అట్టాగే కొట్టు."

"జనం నన్నంటారన్నా."

"నన్ననమని చెప్పు."

మరో సంగతి మీకు చెప్పాలి. శాలేము డిజిటల్స్ ఫ్లెక్సీల్లో అడుగున ఎడమ మూల నాది. "అందరూ ఆహ్వానితులే" అన్న మాట పక్కన చిన్నగానైనా నన్ను పెట్టనిదే తిమోతి ఏ ఫ్లెక్సీనీ పంపలేదు. ఆ రోజు పెట్టలేదు. ఆ మూల ఖాళీగా పోయింది. నాకు మొదట అవమానంగా తోచింది. నా కన్నతల్లి పేరంటానికి నన్నే పిలవలేదనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, నేను అక్కడ ఉంటే ఆ పెద్ద చేతి కింద ఆ చిన్న చేతులు ఎవరివని ఎవరైనా అడిగేవారు. తిమోతి దగ్గర బదులు లేదు.

ఆదివారం మార్తమ్మ ఇంటి గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఎనిమిదడుగుల అరచెయ్యి వీధికి అడ్డంగా నిలబడింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గేటు దగ్గర ఆగిపోయారు. లోపలికి రమ్మంటున్నారో పొమ్మంటున్నారో తెలియలేదు. పాస్టరుగారు కూడా బైబిలు చంకలో పెట్టుకుని ఒక నిమిషం బయటే నిలబడ్డారు. "ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి అప్పుడు వచ్చారు. మోటారు సైకిలు మీద పోతున్న ఒకాయన బండి ఆపి, జాతకం చెప్పేవాళ్ళనుకుని, చెయ్యి చూసేది ఎన్నింటి దాకా ఉంటుందని అడిగాడు.

"ఇది పోయిన మనిషి చెయ్యయ్యా," అంది మార్తమ్మ.

ఆయన నొచ్చుకున్నాడు. అయినా పోలేదు. తలెత్తి కాసేపు చూశాడు. "ఆయుర్దాయం గీత ఇంత పొడుగుందే," అన్నాడు.

"ఎనిమిదడుగుల ఫ్లెక్సీ నాయనా. పొడుగ్గాక ఎట్టా ఉంటది."

కోల్డ్ స్టోరేజీ ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. వాళ్ళు మాత్రం గేటు దగ్గర ఆగలేదు. ముందున్నామె తలెత్తి చూసి, వెనక్కి తిరిగి, "చూడండే, అక్కడ్నించి కూడా ఫొటో తియ్యమాకనే అంటంది," అంది. అందరూ నవ్వారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టడానికి నిలబడ్డారు గాని ఆ నవ్వు ఆగేదాకా కళ్ళు మూసుకోలేదు. ఆ నవ్వు ఒక పట్టాన ఆగలేదు. తిమోతి చివరి వరసలో కూర్చుని ఉన్నాడు. అతను కూడా నవ్వినట్టే ఉంది. దూరం నుంచి నాకు సరిగా కనపడలేదు.

తర్వాత తిమోతి పని మారిందా అంటే, పెద్దగా మారలేదు. నన్ను ఇప్పటికీ అందరికీ అతికిస్తున్నాడు. బతకాలి గదా. ఒక మాట మాత్రం కొత్తగా అడుగుతున్నాడు. ఎవరి ఫొటో తెచ్చినా, "ఈ మచ్చ ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అని అడుగుతాడు. అందరూ తీసెయ్యమనే అంటారు. తీసేస్తాడు. తీసేముందు మొదటి ఫొటోకు ఒక నకలు విడిగా దాస్తాడు. ఎప్పుడైనా వాళ్ళింట్లోవాళ్ళు వచ్చి అడగవచ్చని. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

కూడిక అయిన నాటి సాయంత్రమే మార్తమ్మ ఫ్లెక్సీ విప్పించి, మడిచి లోపల పెట్టింది. పెట్టెలో దాచుకుందని తిమోతి అనుకున్నాడు. పది రోజుల తర్వాత బియ్యం ఇవ్వడానికి వెళితే అది ఇంటి కప్పు మీద ఉంది. ఆమెది రేకుల ఇల్లు. మంచం పైన ఒక రేకు పగిలింది. దాని మీద ఫ్లెక్సీ పరిచి, చుట్టూ రాళ్ళు పెట్టించింది.

"అదేందత్తా."

"కురుస్తంది. కప్పా."

"దాన్ని కప్పుతావా."

"పెట్టెలో పెట్టి ఎలకలకి వెయ్యమంటావా. రేకు మార్పిద్దామని పోయేదాకా అంటానే ఉంది పిల్ల."

తిమోతి పైకి చూస్తూ నిలబడ్డాడు. బొమ్మ ఆకాశం వైపు ఉంది. "పోనీ, బొమ్మ లోపలికి వేస్తే నీకన్నా కనపడేది."

"నేను చూసిన చెయ్యేగా అల్లుడా. వాననే చూడనీ."

అతను నిచ్చెన తెచ్చుకుని కప్పు ఎక్కాడు. బొటనవేలి మీద ఒక రాయి పెట్టి ఉంది. దాన్ని తీసి పక్కన ఖాళీ జాగాలో పెట్టి దిగాడు.

పక్కింటి గేదెల పాక మీద నేనూ ఉన్నాను. ఎవరిదో గృహప్రవేశం ఫ్లెక్సీ. మొహాలు ఎండకు వెలిసిపోయాయి, నేను ఇంకా వెలవలేదు. అక్కడి నుంచి కప్పు మీది ఎస్తేరు నాకు బాగా కనపడుతుంది. ఆ వారంలోనే వాన వచ్చింది. నేను రెండు చేతులూ జోడించి రమ్మన్నాను. నాకు వేరే పని తెలియదు. ఆమె ఒక్క చేత్తో వద్దంది. వాన వచ్చి, తెల్లవార్లూ కురిసింది. కింద మార్తమ్మ మంచం మాత్రం తడవలేదు.